బొమ్మా? బొరుసా? ఓ టీ కప్పు, ఐదు కాసులు

మొన్న సంక్రాంతికి మిలాన్‌లో ఎంఎస్ చదువుతున్న మా పెద్దమ్మ కొడుకు ఊరొచ్చాడు. ఇంటిల్లిపాదికీ చాక్లెట్లు తెచ్చి, నాకు మాత్రం ఓ పింగాణీ కప్పు తెచ్చాడు. తెల్లటి కప్పు, అంచు చుట్టూ బంగారు గీత, మధ్యలో అరచేయంత పెద్దదిగా ఓ బంగారు నాణెం బొమ్మ. నాణెం మీద పక్కకి తిరిగిన మనిషి ముఖం. మెడ దాకా జుట్టు, కొనదేరిన ముక్కు, చుట్టూ లాటిన్ అక్షరాలు. "పదిహేనో శతాబ్దం మిలాన్ డ్యూక్‌రా, డకట్ అంటారు దాన్ని" అని చెప్పి అన్నయ్య గారెల మీద పడ్డాడు. నేను ఆ కప్పులో టీ తాగుతూ అరుగు మీద కూర్చున్నాను.

అమ్మమ్మ వచ్చి కప్పు తిప్పి తిప్పి చూసింది.

"ఏట్రా ఈ బొమ్మ? ముక్కు సూడు, సిలకముక్కులాగుంది. నా కాసుల మీద దొర కూడా ఇలాగే పక్కకి తిరిగీసి ఉంటాడు కదరా. ఎదర సూడ్డేటి ఈళ్ళు?"

నేను నవ్వేశాను. నవ్వాక జవాబు నా దగ్గర లేదని తెలిసింది. మూడేళ్ళుగా మెకానికల్ చదువుతున్నాను, అచ్చుపోత, డై, ఫోర్జింగ్ అన్నీ పరీక్షల్లో రాశాను. నాణెం మీద రాజు ఎందుకు పక్కకి తిరిగి ఉంటాడో ఎప్పుడూ అనుకోలేదు. ఈ వ్యాసం అమ్మమ్మ అడిగిన ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ వెళ్ళి, అడగని ఇంకో ప్రశ్న దగ్గర తేలిన కథ.

ముందు కప్పు సంగతి. నాణెం బొమ్మలో బంగారం అసలు లేదు. అది పసుపు, గోధుమ రంగుల అచ్చు. రంగుల్ని ఒక పల్చటి పొర మీద అచ్చువేసి, దాన్ని తడిపి, కాల్చి మెరుగు వేసిన కప్పు మీద అతికించి, మళ్ళీ బట్టీలో సుమారు 800 డిగ్రీల వేడిలో కాలుస్తారు. పొర మండిపోతుంది, రంగు గాజుమెరుగులోకి దిగిపోతుంది. అంచు గీత మాత్రం నిజం బంగారమే. బంగారాన్ని నూనెలాంటి ద్రవంలో కలిపి కుంచెతో గీసి కాలిస్తే, నూనె పోయి బంగారం పొర మిగులుతుంది. ఆశపడకండి, లెక్క వేశాను. అంచు చుట్టుకొలత 25 సెంటీమీటర్లు, గీత వెడల్పు 3 మిల్లీమీటర్లు, మందం ఓ 0.2 మైక్రాన్ అనుకుంటే మొత్తం బంగారం 3 మిల్లీగ్రాములు. గోకి అమ్ముకుంటే సిరిమాను జాతరలో ఓ ఐస్‌క్రీం రావచ్చు. ఆ 3 మిల్లీగ్రాములకే మా అప్ప కప్పుని మైక్రోవేవ్‌లో పెట్టినప్పుడు చిటపటలాడుతూ నిప్పురవ్వలు లేచాయి. లోహపు గీత ఉన్న కప్పుని మైక్రోవేవ్‌లో పెట్టొద్దని అడుగున రాసే ఉంది, చదివే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఇక కప్పు మీది పెద్దమనిషి. పేరు గలియాత్సో మరియా స్ఫోర్జా. 1466 నుంచి 1476 దాకా మిలాన్‌ని ఏలాడు. అంతకు ముందు కొన్ని వందల ఏళ్ళపాటు యూరప్ నాణేల మీద ఎక్కువగా శిలువలో, పువ్వులో, సాధువులో ఉండేవారు. రాజు బొమ్మ ఉన్నా అది ఫలానా రాజు అని పోల్చుకోలేం, కిరీటం పెట్టుకున్న గుండ్రటి ముఖం, అంతే. ఫ్లోరెన్స్ వాళ్ళు 1252లో మొదలుపెట్టిన ఫ్లోరిన్ మీద ఒకవైపు లిల్లీ పువ్వు, రెండోవైపు బాప్తిస్మమిచ్చే యోహాను. 1284లో వెనిస్ మొదలుపెట్టిన డకట్ మీద నగర పాలకుడు మార్కు సువార్తికుడి ముందు మోకాళ్ళ మీద ఉంటాడు. రెండూ మూడున్నర గ్రాముల దాకా తూగే దాదాపు మేలిమి బంగారం.

తర్వాత ఇటలీలో చదువుకున్నవాళ్ళకి పాత రోమన్ నాణేల పిచ్చి పట్టింది. పెట్రార్క్ అనే కవి 1354లో చక్రవర్తి నాలుగో చార్లెస్‌ని కలిసినప్పుడు, పాత రోమన్ చక్రవర్తుల నాణేలు చేతిలో పెట్టి, వీళ్ళలాగా ఉండమని చెప్పాడట. మన కవులు రాజు దగ్గర బంగారం పుచ్చుకుంటే, ఈయన ఎదురిచ్చాడు! 1438 ప్రాంతంలో పిసానెల్లో అనే చిత్రకారుడు బైజాంటియం చక్రవర్తి ముఖాన్ని పక్కనుంచి చూసి పతకం పోశాడు. ఆ తర్వాత చిన్నచిన్న నగరాల ప్రభువులందరికీ తమ ముక్కూ మొహం లోహంలో చూసుకోవాలని ఆశ పుట్టింది. అలా వచ్చినవాడే మన గలియాత్సో. పాపం, బంగారం మీద బొమ్మ వేయించుకున్నాడు గానీ జనాన్ని మెప్పించలేకపోయాడు. 1476 డిసెంబరు 26న చర్చిలోనే పొడిచి చంపేశారు.

వెనిస్ వాళ్ళు ఇంకా జాగ్రత్తపరులు. 1471లో పాలకుడైన నికొలో త్రోన్ వెండి నాణెం మీద తన అసలు ముఖం వేయించుకున్నాడు. 1473లో ఆయన పోగానే, ఇకపై ఏ పాలకుడూ నాణెం మీద తన ముఖం వేయించుకోకూడదని ఆపించేశారు. మన ఊళ్ళలో వాటర్ ట్యాంకు మీద పేరు రాయించుకునేవాళ్ళకి ఇలాంటి కట్టడి ఒకటుంటే బాగుండునని నాకు అనిపించింది. ఆ వెనిస్ డకట్ మాత్రం 1284 నుంచి 1797లో ఆ రాజ్యం పోయేదాకా బొమ్మ మార్చుకోకుండా, మేలిమి తగ్గకుండా వచ్చింది. ఐదు వందల ఏళ్ళు!

అందుకే అది మన దేశం దాకా వచ్చింది. మిరియాలకి, బట్టలకి బదులుగా వెనిస్ బంగారం అరేబియా ఓడల్లో దిగేది. 1420 ప్రాంతంలో విజయనగరం చూసిన నికొలో కాంటీ (ఇది హంపీ విజయనగరం, మన గంటస్తంభం విజయనగరం కాదు) ఇండియాలో కొన్నిచోట్ల వెనిస్ డకట్లు చెల్లుతున్నాయని చెప్పాడు. తెలుగుని తూర్పుదేశపు ఇటాలియన్ అన్నాడని మనం స్టేజీల మీద చెప్పుకునేది ఈయన గురించే. మన వరహా కూడా దాదాపు అదే బరువు, మూడు గ్రాముల నలభై సెంటీగ్రాముల చిల్లర, కాబట్టి షరాబుకి రెండూ పక్కపక్కన పెట్టి మార్చడం సుళువు. మరాఠీ ఆడవాళ్ళు ఆ నాణేల మీద నిలబడ్డ బొమ్మల్ని చూసి వాటిని పుతళీలు అన్నారు, హారాలు గుచ్చుకున్నారు. శ్రీనాథుడికి కనకాభిషేకం జరిగింది కూడా ఆ కాలంలోనే, ఆ దేవరాయల కొలువులోనే. ఆ దీనారాల మాట కూడా ఒకప్పటి రోమన్ల దెనారియస్ నుంచే వచ్చింది.

మాటలంటే గుర్తొచ్చింది. నాణేలు కొట్టే చోటుని అరబ్బీలో సిక్కా మాటతో చెబుతారు. అది ఇటలీ వెళ్ళి జెక్కా అయింది, అక్కడ కొట్టిన డకట్ జెక్కినో అయింది, ఫ్రాన్స్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి సీక్విన్ అయింది. ఏప్రిల్‌లో మా అప్ప పెళ్ళి. ఆవిడ జాకెట్టు మీద కుట్టించుకుంటున్న తళుకుబిళ్ళల్ని టైలరు సీక్విన్స్ అంటున్నాడు. అమ్మమ్మ మెడలో నిజం కాసులు, మనవరాలి జాకెట్టు మీద ప్లాస్టిక్ కాసులు. పేరొకటే.

మరి మన వైపు రాజులో? శ్రీకాకుళం జిల్లా వాళ్ళం కాబట్టి ముఖలింగం సంగతి చెప్పకుండా ముందుకి వెళ్ళను. వంశధార ఒడ్డున ఇప్పుడు మధుకేశ్వరుడి గుడి ఉన్న ఆ ఊరే తూర్పు గంగరాజుల కళింగనగరం అని చరిత్రకారులు గుర్తించారు. 1078లో పట్టానికొచ్చిన అనంతవర్మ చోడగంగదేవుడు అంత పెద్ద రాజ్యం ఏలాడా, గంగరాజుల బంగారు ఫణాలు మాత్రం అర గ్రాము కూడా తూగవు, చొక్కా గుండీకంటే చిన్నవి. ఒకవైపు పడుకున్న నంది, రెండోవైపు అంకుశం, గొడ్డలిలాంటి గుర్తులు, పాలన ఏడు. రాజు ముఖం లేదు, పేరు కూడా లేదు. ఆ ఏడు కూడా అంకె లెక్క: 1ని వదిలేస్తారు, 6ని వదిలేస్తారు, 10 తప్ప సున్నాతోనో ఆరుతోనో ముగిసే అంకెలన్నీ వదిలేస్తారు. కౌంటర్ లూప్‌లో కంటిన్యూ స్టేట్‌మెంట్ పెట్టినట్టు! సీఎస్ఈ వాళ్ళు నాణెం మీది అంకె ఇస్తే అసలు పాలన ఏడు చెప్పే ప్రోగ్రాం రాసి చూడండి, సరదాగా ఉంటుంది.

అలాగని ముఖం వేయడం మనకి తెలియదని కాదు. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ వెండి నాణేల మీద వాళ్ళ ముఖాలున్నాయి. అప్పటికి రెండో శతాబ్దం. గలియాత్సోకంటే పదమూడు వందల ఏళ్ళ ముందు. వాళ్ళూ పక్కకే తిరిగి ఉన్నారు.

ఎందుకు పక్కకి? అమ్మమ్మ ప్రశ్నకి ఇక్కడ జవాబు చెప్పాలి. నాణెం మందం ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటే, బొమ్మ పైకి లేచే ఎత్తు అందులో చిన్న భాగమే. ఎదురుగా చూసే ముఖంలో ముక్కు అన్నిటికంటే పైకి రావాలి, ఆ కాస్త ఎత్తులో అది కుదరదు, అప్పడంలా ఉంటుంది. పక్కకి తిప్పితే నుదురు, ముక్కు, గడ్డం అంతా గీతలోనే తెలిసిపోతుంది, ఎత్తుతో పనిలేదు. ఇంకోటి అరుగుదల. ఎదురుముఖంలో ముందు అరిగేది ముక్కే. ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ 1540లలో వెండి నాణేల్లో రాగి బాగా కలిపేసి, పైన వెండి పూత కనబడేలా చేసి, ఎదురుగా చూస్తున్న తన ముఖం వేయించాడు. నాలుగు చేతులు మారేసరికి ముక్కు మీది వెండి పోయి కింద రాగి బయటపడింది. జనం ఆయనకి రాగిముక్కు అని పేరు పెట్టారు. కల్తీని రాజుగారి ముక్కే పట్టించింది.

ఆ హెన్రీ తండ్రి ఏడో హెన్రీయే 1489లో మొదటి సావరిన్ కొట్టించాడు. మధ్యలో అది ఆగిపోయి, 1817లో మళ్ళీ మొదలైంది. ఈ కొత్త సావరిన్ వెనకవైపు గుర్రం మీద జార్జి రాక్షసుణ్ణి చంపే బొమ్మ గీసింది పిస్త్రూచ్చీ అనే రోమ్ నగరం వాడు. బరువు 7.988 గ్రాములు, 22 క్యారెట్లు, అడ్డకొలత 22 మిల్లీమీటర్ల పైన కొంచెం. 1899లో ఇండియాలో సావరిన్‌ని పదిహేను రూపాయలకి చెల్లేలా చట్టం చేశారు. 1918లో ఏకంగా బొంబాయి టంకశాలలోనే కొట్టారు, గుర్తుగా నేల గీత మీద చిన్న 'ఐ' అక్షరం ఉంటుంది. ఇవాళ మన షాపుల్లో కాసు బంగారం అంటే ఎనిమిది గ్రాములు అనడం దీన్నుంచే. కొన్నిచోట్ల సవర అంటారే, అది సావరిన్ నలిగి నలిగి అయిన మాట. అంటే రోమన్ చక్రవర్తి దగ్గర నేర్చుకుని ఇటలీ ప్రభువు పక్కకి తిరిగితే, అతన్ని చూసి ఇంగ్లండు రాజు తిరిగితే, ఆ రాజు వచ్చి ఆమదాలవలస పక్క పల్లెలో మా అమ్మమ్మ మెడలో వేలాడాడు. ఎదర సూడ్డేటి అని ఆవిడ అడగడంలో తప్పేముంది?

ఇంతవరకూ రాసి మన క్లబ్‌కి పంపేద్దామనుకున్నాను. కానీ మిగతా సగం ఉంది.

అప్ప పెళ్ళికి అమ్మమ్మ తన ఐదు కాసులూ ఇస్తానంది. కరిగించి గొలుసు చేయిద్దామని అమ్మ షాపుకి తీసుకెళ్తే, అతను చూసి, "పాతవి కదమ్మా, కొక్కేలకి టాకా వేసున్నాయి, ఎంత మేలిమి ఉందో కరిగిస్తే గానీ తేలదు" అన్నాడు. కరిగించాక తక్కువ తేలితే అడగడానికి మన దగ్గర ఏముంటుంది? బొమ్మా పోతుంది, బొరుసూ పోతుంది. అమ్మ ఆ రాత్రి నిద్రపోలేదు. అప్పుడు నేను, కరిగించకుండా చూడొచ్చు కదా అన్నాను. ఇంజినీరింగ్ చదివిస్తున్నందుకు మా ఇంట్లో నా నుంచి వచ్చిన మొదటి ఉపయోగకరమైన మాట అదే.

పద్ధతి మీకు తెలిసిందే, ఆర్కిమిడీస్. కానీ చేసే తీరులో ఓ చిన్న కిటుకు ఉంది. బ్యాలెన్స్ మీద నీళ్ళ గిన్నె పెట్టి సున్నా చేయండి. కాసుని సన్నటి దారానికి కట్టి, అడుగుకీ అంచుకీ తగలకుండా నీళ్ళలో వేలాడదీయండి. బ్యాలెన్స్ చూపించే గ్రాములే కాసు తోసేసిన నీళ్ళ బరువు, అంటే దాదాపు కాసు ఘనపరిమాణం. గాలిలో తూచిన బరువుని దీనితో భాగిస్తే సాంద్రత. మేలిమి బంగారం 19.3, రాగి 8.96. వీటితో 22 క్యారెట్ల సాంద్రత లెక్కేస్తే సుమారు 17.6. మామూలు లెక్కలాగా రెండు సాంద్రతలకీ సగటు కట్టకండి, ఒక్కో లోహం ఘనపరిమాణం విడిగా కట్టి కలపాలి. నేను మొదటిసారి అదే తప్పు చేశాను.

సెంటీగ్రాము బ్యాలెన్స్ దీనికి చాలదు. తోసేసే నీళ్ళు అర గ్రాము కూడా ఉండవు, అందులో ఒక్క సెంటీగ్రాము అటూ ఇటూ అయినా జవాబు 2 శాతం మారిపోతుంది. అందుకని మా లెక్చరర్ గారిని బతిమాలి కెమిస్ట్రీ ల్యాబ్‌లోని మిల్లీగ్రాము బ్యాలెన్స్ వాడుకున్నాను. అమ్మ కాసుల్ని కొంగులో ముడేసుకుని కాలేజీకి వచ్చి, నేను తూచినంతసేపూ స్టూలు మీద కదలకుండా కూర్చుంది. సెంటిమెంటుగా గలియాత్సో కప్పులోనే నీళ్ళు పోద్దామనుకున్నాను. కప్పు బరువే 340 గ్రాములు, బ్యాలెన్స్ ఓవర్‌లోడ్ అని మొరాయించింది. డ్యూక్‌గారు నీళ్ళు మోసే పనికి దిగారు, బీకర్ సింహాసనం ఎక్కింది. కాసుకి అంటిన గాలిబుడగల్ని కుంచెతో తుడవడం మరిచిపోకండి, ఓ చుక్క సబ్బునీరు కలిపితే బుడగలు నిలవవు.

మొదటిది విక్టోరియా, ముసలితనంలో ముసుగేసుకున్న బొమ్మ. 8.31 గ్రాములు, తోసిన నీళ్ళు 0.478, సాంద్రత 17.4. ఎడ్వర్డుది 17.4. రెండు జార్జిల్లో ఒకటి 17.3, ఒకటి 17.4. కొక్కెం, టాకా తక్కువ మేలిమివి కాబట్టి ఆ కాస్త తగ్గడం న్యాయమే. అమ్మ ముఖం తేటపడింది.

ఐదోదానిది 7.90 గ్రాములు, తోసిన నీళ్ళు 0.512, సాంద్రత 15.4.

మూడుసార్లు చేశాను. అదే. కల్తీ అంతా వెండి అనుకుంటే 17 క్యారెట్లు, అంతా రాగి అనుకుంటే 19, నిజం మధ్యలో ఎక్కడో. భూతద్దం పెట్టి చూస్తే 1918 అని ఉంది గానీ అంకెలు మెత్తగా ఉన్నాయి, జార్జి మీసం వెంట్రుకలు కలిసిపోయాయి, గుర్రం జూలు ముద్దగా ఉంది. అచ్చులో కొట్టింది కాదు, ఎవరో అసలు కాసుని మట్టిలో ముద్ర తీసి పోత పోసినది. (సాంద్రత సరిపోయినంత మాత్రాన అసలుదే అని పొంగిపోకండి కూడా, టంగ్‌స్టన్ సాంద్రత 19.25, బంగారానికి ఆనుకుని ఉంటుంది. బొమ్మనీ, కొలతనీ, సాంద్రతనీ కలిపి చూడాలి.)

అమ్మ ఏడుపొకటే తక్కువ. "ఎవరు మార్చీసారో, ఎన్నిసార్లు తాకట్టుకెళ్ళాయో" అని దారంతా అదే మాట. బస్సులో నాకూ ఓ పదిమంది మీద అనుమానం వచ్చింది. అమ్మమ్మకి చెప్పొద్దనుకున్నాం. కానీ ఇల్లు చేరగానే అమ్మ మొహం చూసి ఆవిడే అడిగింది.

"ఏటి, ఒకటి తక్కువొచ్చిందేటి?"

మేమిద్దరం మాట్లాడలేదు.

"నానెరగనేటి? నీకు టీచరు ట్రైనింగు ఫీజు కట్టినప్పుడు మీ నాన్న ఒకటి అమ్మీసినాడు. మెళ్ళో నాలుగే ఉంటే మీ నానమ్మ ఊరుకోదు కదా. కంసాలి ఇంటికెళ్ళి, నా ముక్కుపుడకా చెవి కమ్మలూ ఇచ్చీసి, పక్క కాసులాగే పోయించుకొచ్చాడు. ముసలిదానికి సచ్చేవరకూ తెలీనేదు."

అమ్మ రెండు జిల్లాల్లో ముప్పయ్యేళ్ళుగా పాఠాలు చెబుతోంది. ఆ ఫీజు ఎక్కడిదో ఆవిడ ఎప్పుడూ అడగలేదట. ఆ సాయంత్రం వంటింట్లోకి వెళ్ళి చాలాసేపటిదాకా బయటికి రాలేదు.

అమ్మమ్మ దండ విప్పి, నాలుగు కాసులూ తీసి నా చేతిలో పెట్టింది. నా కాగితం మీద రాసుకున్న అంకెలు చూపించి, షాపులో ఈ లెక్క చెప్పమంది. ఐదోదాన్ని నల్లదారానికి ఎక్కించి మళ్ళీ మెళ్ళో వేసుకుంది.

"ఇది నాకుంచీండి. నా ముక్కుపుడక ఇందులోనే కదా ఉంది" అని, తర్వాత గలియాత్సో కప్పు నా ముందుకి జరిపి, "దీన్లో కాస్త టీ పట్రా, పంచదార తక్కువెయ్యి" అంది.